తాండ్ర చాపకు రెండో కొస

ఇలా దగ్గరకు జరగండర్రా, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. మన శృంగవరపుకోట పక్క ఊళ్లో గౌరికి పెళ్లెలా కుదిరిందో చెబుతాను.

గౌరి మామిడి తాండ్ర వేసేది. గ్రూపు లోను తీసుకుని కాయలు, బెల్లం, చాపలు కొంది. రోజూ పొద్దున్నే చాప మీద ఒక పూత రసం పోయాలి. అది ఎండాక మర్నాడు ఇంకో పూత. నెల పడితే గానీ తాండ్ర కాదు. మధ్యలో వాన పడిందా, కష్టమంతా నీళ్లపాలే.

లోను వసూలుకు బుధవారం బుధవారం మోహనకృష్ణ వచ్చేవాడు. చీపురుపల్లి కుర్రాడు. ఒక బుధవారం గుమ్మం దగ్గర ఆగి, "నన్ను చేసుకుంటారా?" అని అడిగేశాడు.

"అప్పిచ్చినోడు అడిగితే ఒప్పీసుకుందంటారు సారూ జనం. ఏటి సెప్పమంటారు?" అని గౌరి లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లిందే గానీ, మళ్లీ బుధవారం ఎప్పుడొస్తుందా అని చూసింది. కిస్తీ కట్టే రోజు కోసం ఎదురుచూసిన ఆడది జిల్లా మొత్తంలో అదొక్కతే!

ఆ రోజు రానే వచ్చింది. వసూలు మీటింగుకు గ్రూపు ఆడవాళ్లు ఐదుగురిలో నలుగురు జగ్గమ్మ అరుగు మీద కూర్చున్నారు. సంతకెళ్లిన ప్రిస్కిల్లా ఇంకా రాలేదు. అందరి కిస్తీ అందేదాకా ఎవరూ లేవకూడదు, లేస్తే గ్రూపు మొత్తానికీ వచ్చే లోను ఆగిపోతుంది. అదీ కట్టుబాటు. ప్రిస్కిల్లా వంతు మనమే వేద్దామా అంటే, చేతిలో ఉన్నదంతా కాయల మీద పెట్టేశారు.

అంతలో కొండ మీద నల్లగా కమ్మింది.

"సారూ, నా సాపలు కల్లంలో ఉన్నాయి."

"పది నిమిషాలండీ. ఆవిడ బస్సెక్కిందట. రూలు నాది కాదు, ఆఫీసుది."

"మబ్బుకి మీ ఆఫీసు రూలు తెలుస్తాదేటి?"

"ఒసే, కూకోయే!" జగ్గమ్మ కసిరింది. "నువ్వు లేస్తే అందరికీ లోను పోతాది."

టప్పున ఒక చినుకు పడింది. గౌరి లేచింది.

"కిస్తీ రేపైనా వస్తాది. నా తాండ్ర రాదు."

కల్లంలోకి పరిగెత్తింది. కానీ తాండ్ర చాప ఒక్కరి వల్ల కాదు. పొద్దుటి పూత ఇంకా తడి. మడిస్తే అతుక్కుపోతుంది, వంచితే కారిపోతుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, అడుగులో అడుగు కలిపి నడవాలి. గౌరి ఒక కొస పట్టుకుని అరుగు వైపు చూసింది. ఎవరూ కదల్లేదు. ఎలా కదులుతారు, ఎవరి సంసారం వాళ్లది!

మోహనకృష్ణ ఫోను మోగింది. మేనేజరు.

"మీటింగు ఆగిపోయింది సార్. నేనే ఆపాను. వీళ్ల తప్పేం లేదు."

చెప్పులు అక్కడే వదిలి పరిగెత్తాడు. రెండో కొస పట్టుకున్నాడు.

"ఎత్తకు! రసం కారిపోతాది!"

"దించాను కదండీ!"

"మరీ దించీసినావు! నా మొకం కాదు, సాప సూడు!"

"రెండూ ఒకేవైపున్నాయి మరి!"

అది చూసి మిగతావాళ్లూ లేచారు. వాన దబదబా దిగేసరికి ఒక్క చాప తడిసింది, తక్కినవన్నీ దక్కాయి. అప్పుడొచ్చింది ప్రిస్కిల్లా, నిలువెల్లా తడిసి. కిస్తీ చాపితే పుచ్చుకునే ధ్యాసే లేదు అతగాడికి.

చూరు కింద గౌరి పక్కన నిలబడ్డాడు. "ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. ఉంటే వేరే ఊళ్లు వేయించుకుంటాను. అప్పుడు నేను మీకు అప్పిచ్చినవాణ్ణి కాను. వసూలుకి కాదు, ఊరికే వస్తాను."

గౌరి జడ పిండుకుంటూ, "ఊరికే రాకు," అంది.

పాపం, వాడి మొహం వాడిపోయింది.

"మీ యమ్మని తీసుకుని రా."

ఇదర్రా సంగతి. గుర్తుంచుకుని మీ పిల్లలకు చెప్పండి. చాప పట్టుకున్న కుర్రాణ్ణి మెచ్చుకుంటే మెచ్చుకోండి గానీ, ముందు లేచింది గౌరి అన్నది మాత్రం వదలకండి.