మూత లోపలి గీత

పొద్దున్నే బల్ల మీద టీ చల్లారిపోతోంది, ఎవరికీ తాగే ధ్యాస లేదు. కప్పుల మధ్య రెండు కెమెరాల కాగితాలు పరిచి ఉన్నాయి. రెండూ చొక్కా జేబులో పట్టేంతవే, రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ధరలో తేడా ఉండుంటే ఈ గొడవ నిన్ననే తేలిపోయేది.

"పది రెట్ల జూమ్ ఉన్నదాన్ని వదిలేసి అదే డబ్బుకి నాలుగు రెట్లది ఎవరైనా కొంటారా?" అంది తల్లి. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. పది పెద్దదా నాలుగు పెద్దదా అన్న విషయంలో ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

"నాకు నాలుగు రెట్లదే కావాలమ్మా."

"ఎందుకో చెప్పవే ముల్లూ."

"కావాలంతే."

ఒక్కచోట నిలవదని కూతురికి చిన్నప్పుడు తండ్రి పెట్టిన పేరది, సెకన్ల ముల్లు. చదువు పూర్తయింది, వచ్చే నెల వేరే ఊళ్లో ఉద్యోగం. అందుకే ఈ కెమెరా కానుక.

తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా కంటికి భూతద్దం తగిలించుకుని జానెడు దూరం దాటి చూసింది లేదు. ఇప్పుడా కళ్లూ మొరాయిస్తున్నాయి. పిల్ల ఉద్యోగంలో చేరగానే కొట్టు మూసేద్దామని 'అద్దెకు ఇవ్వబడును' అని అట్ట కూడా రాసిపెట్టుకున్నాడు. రాసిన రోజు తిండి సయించలేదు, అది వేరే సంగతి.

"పది రెట్లదే తీసుకో తల్లీ. నాలాగా ముక్కు కింద చూస్తూ కూర్చోకు. దూరాలు చూడు," అన్నాడు.

కూతురు మూతి ముడుచుకుంది. ఆ మూతి అలాగే ఉండగానే ముగ్గురూ కెమెరాల కొట్టుకి బయల్దేరారు.

కొట్టాయన రెండూ తీసి ముందు పెట్టాడు. తల్లి పది రెట్లదాన్ని వీధిలోకి గురిపెట్టింది. "చూడండి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు."

"వాటిని లెక్కపెట్టి నేనేం చేసుకోనమ్మా? ఏదీ, నీ వాచీ ఒకసారి ఇవ్వు."

తండ్రి గబుక్కున తలెత్తాడు. ఆ వాచీ రెండు నెలల కిందట ఆగిపోయింది. రెండుసార్లు విప్పబోయాడు గానీ మరమేకు కంటికి ఆనలేదు. తన వల్ల కాలేదని ఎవరికీ చెప్పకుండా సొరుగులో పడేశాడు. ఓ సాయంత్రం సొరుగు లాగితే టిక్కుటిక్కుమంటోంది. కుదుపుకి దానంతటదే తిరిగిందనుకున్నాడు. "మీ చేతికి తిరుగులేదండీ" అని భార్య అంటే కాదనలేదు. నెల్లాళ్లుగా ఆ మెచ్చుకోలు హాయిగా తింటున్నాడు.

కూతురు తండ్రి జేబులోంచి సన్నటి చాకు తీసి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి వాచీ వెనక మూత ఊడదీసింది. అచ్చం ఆయన తిప్పినట్టే. పది రెట్ల కెమెరాలో మూత పొగమంచులా కనబడింది. "అది చేయి చాచినంత దూరంలో పట్టుకోవాలమ్మా," అన్నాడు కొట్టాయన. రెండోదాన్ని మూతకి తగిలేంత దగ్గరగా పెట్టి నొక్కింది.

బాగుచేసిన తేదీ, తన గుర్తు మూత లోపల సూదితో గీయడం గడియారాల పనివాళ్ల అలవాటు. తెర మీద పన్నెండేళ్ల కిందటి తేదీ, పక్కనే తండ్రి గుర్తు, రెండు అడ్డగీతలు. భూతద్దం లేకుండానే ఆయనకి స్పష్టంగా కనిపించాయి. వాటి కింద మెరుస్తూ ఇంకో కొత్త గీత ఉంది. సన్నటి ముల్లు బొమ్మ, పక్కన పోయిన నెల తేదీ.

"ఇది బాగుచేసింది మీరు కాదా?" అంది భార్య.

"కాదు," అన్నాడాయన, దొరికిపోయిన దొంగలా.

"మూడు వారాలు పట్టింది నాన్నా," అంది కూతురు. "నువ్వు నోటితో ఏదీ చెప్పవు, చూడమంటావు. చూద్దామంటే నీ చెయ్యే అడ్డం. విప్పిన ప్రతి మరకీ ఫోటో తీసి పెద్దది చేసి చూసుకుంటే నాకు పని తెలుస్తుంది, నీ కళ్లకి శ్రమ తగ్గుతుంది. నాకా ఉద్యోగం వద్దు. కొట్టు మూసెయ్యకు."

"మరి దూరాలు చూడవా?" అన్నాడాయన.

"దూరంగా ఉన్నవాటి దగ్గరికి నడిచి వెళ్లొచ్చు నాన్నా. దగ్గరున్నవి చూడ్డానికే ఏదో ఒకటి కావాలి."

ఆయన కళ్లు తుడుచుకోలేదు, సంతోషమే కదా, కారనిచ్చాడు. ఇద్దరూ భయంభయంగా తల్లి వైపు చూశారు. ఆవిడ వాచీని చెవి దగ్గర పెట్టుకుంది.

"నెల్లాళ్లుగా దీన్ని చూసే బడిలో గంట కొట్టిస్తున్నాను. ఒక్క నిమిషం తప్పలేదు," అంది. తర్వాత కొట్టాయనతో, "నాలుగు రెట్లదే ఇవ్వండి. ఏమండీ, నా మెచ్చుకోళ్లన్నీ లెక్కగట్టి ముల్లుకి ఇచ్చెయ్యండి," అంది.

మర్నాడు పనిబల్ల దగ్గర రెండో పీట పడింది. తండ్రి మొదటి మర తీయబోతే, "ఆగు నాన్నా," అంది కూతురు. ముప్పై ఏళ్లుగా ఎవరి కోసమూ ఆగని చెయ్యి ఆగింది, పక్కకి కూడా తప్పుకుంది.

"వెనకాల తెల్లగా ఏదైనా ఉంటే ఫోటో బాగా పడుతుంది."

ఆయన బీరువా వెనక నుంచి అద్దెకని రాసిన అట్ట తీశాడు. రాత ఉన్న వైపు కిందికి తిప్పి పరిచి, దాని మీద గడియారం పెట్టాడు.