పులుసులో బెల్లం

సందులోకి ఆకుకూరల బండి వచ్చిన సంగతి సత్యవేణికి గోడ మీది దీపం చెప్పింది. కర్నూలులో ఇప్పుడు బండివాళ్ళు కేకలు వేయరు. కుక్కర్లకు ఈలలు లేవు. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి ఉన్న ప్రతి ఇంటి గుమ్మానికీ నీలం గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే బడిపిల్లలు సైతం మాటలాపి నడుస్తారు.

ఆమె గుమ్మానికీ ఆ గుర్తు ఉంది. భర్త మద్దిలేటి భుజం ఎముక కింద గింజంత యంత్రం, మణికట్టుకు దాని పట్టీ. పేరు సమధార. రక్తపోటు ఎగసే సూచన కనబడగానే పట్టీ మీది ఆకుపచ్చ దీపం పసుపు రంగుకు మారుతుంది. లోపల మందు చుక్క పడుతుంది. మళ్ళీ ఆకుపచ్చ.

"పోటు ఎక్కువ కావడం ఒక్కటే కాదమ్మా, అది ఎక్కి దిగుతుండటమూ హానే," అని డాక్టర్ ఫిరోజా మొదట్లోనే చెప్పింది. "మెదడులో తెల్ల పోగులుంటాయి. ఒకచోటి కబురును ఇంకోచోటికి మోసేవి అవే. ఒకసారి దెబ్బతిన్న మెదడులో ప్రతి అలకూ కొన్ని చెడిపోతాయి."

సమధార వచ్చాక పోగులు చెడలేదు. మద్దిలేటి నడుస్తున్నాడు, పేపరు చదువుతున్నాడు. కోప్పడటం లేదు. నవ్వడమూ లేదు. ఏది పెట్టినా "బాగుంది" అంటాడు. సొంత చెల్లెలు పోయిందని చెప్పినప్పుడు "అట్లనా" అన్నాడు.

పెళ్ళైన కొత్తలో ఆమె తన కోనసీమ అలవాటు కొద్దీ పులుసులో బెల్లం వేసింది. ఒక్క ముద్దకే ఆయన కంచం వెనక్కి నెట్టాడు.

"ఏందే ఇది? పులుసా, పాయసమా? మీ కోనసీమోల్ల నోట్లో ఉండేది నాలుకనా, చెరుకుగడనా?"

"మీ సీమోళ్ళ నాలుకకి కారం తప్ప ఇంకో రుచి తెలుసేంటండీ?"

తర్వాత బెల్లం మానేసింది. ఆయన మీద కోపం వచ్చిన రోజున మాత్రం రెండు ముక్కలు వేసేది. అరుపులు, వెక్కిరింతలు, చివరికి ఇద్దరికీ నవ్వు. ఆ ఇంట్లో రాజీ అంటే అదే.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ బెల్లం వేసింది. ముద్ద నోట పెట్టగానే మద్దిలేటి పెదవి వంకర తిరిగింది.

"ఏందే..."

పట్టీ పసుపైంది. దీపం మెల్లగా ఆకుపచ్చకు తిరిగింది.

"బాగుంది," అన్నాడు.

ఆ పసుపు వెలుగు ఉన్నంతసేపూ ఆయన ఉన్నాడు. ఆమెకు అది చాలు. మర్నాడూ వేసింది. ఆ తర్వాత రోజూ వేసింది.

వానలు మొదలయ్యాక డాక్టర్ ఫోన్ చేసింది.

"సరిగ్గా అన్నం వేళకే ఓ అల వస్తోందమ్మా. సమధార దిద్దుతోంది, కానీ దిద్దేలోగా జరిగే నష్టం జరిగిపోతోంది. కొత్త స్కాన్‌లో మచ్చలున్నాయి. ఆ వేళకు ఇంట్లో ఏం జరుగుతోందో కనిపెట్టి ఆపండి."

"ఏ పోగులండీ చెడిపోయినవి?"

"మాటను మోసేవి."

సత్యవేణి బెల్లం డబ్బా ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత దాన్ని తీసుకెళ్ళి కింది వాటావాళ్ళకు ఇచ్చేసింది.

ఆ రోజు పులుసు పుల్లగా, కారంగా, అచ్చం అత్తగారు చేసినట్టు కుదిరింది. మద్దిలేటి ఒక ముద్ద తిని ఆగాడు. గిన్నెలో గరిటె తిప్పి చూశాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మళ్ళీ గరిటె తిప్పాడు, ఈసారి అడుగుదాకా.

"ఏం వెతుకుతున్నారండీ?"

ఆయన నోరు తెరిచాడు. గిన్నెలోకి చూశాడు, ఆమె ముఖంలోకి చూశాడు.

"అదే... నువ్వు ఏస్తావే... తియ్యగా ఉంటదే, అది..."

పేరు రాలేదు. దీపం ఆకుపచ్చగానే ఉంది.

ఆ పేరు ఆమె నాలుక చివరే ఉంది. అందివ్వలేకపోయింది.

"ఏం లేదండీ. తినండి."

"బాగుంది," అన్నాడు మద్దిలేటి.

సాయంత్రం ఆసుపత్రి నుంచి పట్టీ మీదికి ఒక సందేశం వచ్చింది. ఈ రోజు ఒక్క అల కూడా లేదు, కుటుంబసభ్యులకు అభినందనలు.