పెదవికి అంటిన వైపు

రండర్రా, ఇటు దగ్గరికి జరగండి. బెంచీ చాలకపోతే మెట్ల మీద సర్దుకోండి. చిన్నవాళ్ళు ముందుకి. ఆ చెవులు కొరుక్కుంటున్న ఇద్దరూ నా పక్కకి. మీరడిగిన దెయ్యం కథే ఇవాళ. కాకపోతే ఇందులో భయం కంటే ముందు రోత పుడుతుంది. 'ఛీ' అనాలనిపిస్తే అనేయండి, నేనేమీ అనుకోను.

ఒక పాత సినిమా హాల్లో ఒక ఆపరేటర్ ఉండేవాడు. ఆపరేటరంటే పైన చిన్న గదిలో కూచుని మెషిన్ మీద బొమ్మ వేసేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే గది, అదే స్టూలు. గోడకి రెండు చిల్లులు. ఒకదాంట్లోంచి మెషిన్ వెలుగు పోయేది, రెండోదాంట్లోంచి ఇతని చూపు పోయేది.

ఆ హాల్లో ప్రతి ఆదివారం మ్యాట్నీకి ఒకటే సినిమా. నలుపు తెలుపుల కాలం నాటి ప్రేమకథ. పొగమంచు, పాడుబడ్డ మేడ, తెల్లబట్టల్లో దెయ్యం పిల్ల, చేతిలో లాంతరు. తనని వదిలి వెళ్ళినవాడి కోసం పాట పాడుకుంటూ ఎదురుచూస్తుంది. చివరికి వాడొస్తాడు, ఇద్దరూ మంచులోకి నడిచిపోతారు. చూసినవాళ్ళే మళ్ళీ వచ్చి, మాటలన్నీ ముందే అనేస్తూ, ఏడవాల్సిన చోట మళ్ళీ ఏడ్చేవాళ్ళు.

ఎందుకంత మోజంటారా? ఆ దెయ్యానికి చెమట పట్టదు. జుట్టు చిక్కుపడదు. ఆకలనదు. 'ఇంత ఆలస్యమేం' అని నిలదీయదు. ఎదురుచూడటం తప్ప ఇంకో పని లేదు. అలాంటిదాన్ని ప్రేమించడం ఎంత తేలికో చూడండి. మన ఆపరేటర్ కూడా ఆ తేలికకే పడిపోయాడు.

ఇంట్లో భార్య ఉంది. బట్టలు కుట్టేది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కుట్టే అలవాటు, అందుకని సగం మాటలకి 'మ్మ్' అనే జవాబు. సూదులు తీసిందంటే మాత్రం నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మెషిన్ గదికి వచ్చి, తెగిన ఫిల్ము అతికించడంలో చేతిసాయం కూడా చేసేది.

"ఆపరేటరుగారూ, ఆ దెయ్యాన్నే కట్టుకోకపోయారా? బట్టలు ఉతికే పని కూడా తప్పేది. ముప్పై ఏళ్ళుగా అదే జత!"

"నీకేం తెలుసే దాని అందం, టైలరమ్మా."

"అందం సరే. ఆ హీరోగారికి ఇంట్లో పెళ్ళాం ఉంది కదండీ? రెండో రీల్లో కంచం పెడుతుంది. వీపే చూపిస్తారు, మొహం చూపించరు. చివరికి ఆమె ఏమైందో ఇంతమందిలో ఒక్కరూ అడగరేం?"

అతను నవ్వేసి క్యారేజీ విప్పుకున్నాడు. నిజానికి ఆ సినిమాలో అలాంటి మనిషి ఉన్నట్టు అతను గమనించనేలేదు.

ఇప్పుడు పని సంగతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఫిల్ముకి రెండు వైపులు. ఒకటి ఉత్త నునుపు. రెండోది పూత, బొమ్మ ఉండేది ఆ పూతలోనే. పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడకబెట్టి తీసిన జిగురు కలుస్తుంది అందులో. ఫిల్ము తెగితే బ్లేడుతో పూత గీకి అతికించాలి. చీకటి గదిలో పూత ఏ వైపుందో తెలియాలంటే తడి పెదవికి ఆనిస్తారు. అంటుకుంటే పూత, జారిపోతే నునుపు.

ఈ సినిమా ఫిల్ము ఎప్పుడు తెగినా ఒక్క చోటే తెగేది. మూడో రీల్లో, ఆ పిల్ల లాంతరు ఎత్తి నవ్వే చోట. ముప్పై ఏళ్ళు చేయి తిరిగినవాడికి వేలితో తడిమితే చాలు. అయినా ఇతను పెదవికే ఆనించేవాడు. కళ్ళు మూసుకుని. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపు... నవ్వకండి.

ఒక ఆదివారం ముసురు పట్టింది. గదిలో గాలి ఆడటం లేదు. రీలు డబ్బా తెరవగానే పుల్లటి వాసన గుప్పుమంది. పాత ఫిల్ము చెడితే వచ్చే వాసనే, అతనికి కొత్త కాదు. కానీ ఆ పులుపు అడుగున ఇంకేదో ఉంది. వాడిన పూలు రోజుల తరబడి కుళ్ళిన నీళ్ళ వాసన లాంటిది.

మూడో రీలు. లాంతరు పైకి లేచింది. టప్... తెర తెల్లబడింది.

కింద ఈలలు మొదలయ్యాయి. "ఆపరేటరూ! నిద్రొచ్చిందా?" "మా ఆవిడ ఏడుపు సగంలో ఆగిపోయిందయ్యా, తొందరగా వెయ్!"

అతను తెగిన కొస పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెదవికి ఆనించాడు. అంటుకుంది.

తీయబోయాడు. రాలేదు.

లాగాడు. పెదవి సాగింది గానీ ఫిల్ము ఊడలేదు. వెచ్చగా ఉంది... మెషిన్ వేడి కాదు. మెత్తగా, తడిగా, అది కూడా ఇటు నొక్కుతోంది. అప్పుడు రుచి తగిలింది. నిద్ర లేచి పళ్ళు తోముకోని నోటి రుచి. తన నోటిది కాదు... ఇంకొకరిది.

అరవబోయి నోరు తెరిచాడు. ఆ సందులోంచి ఏదో చల్లగా, జిగురుగా, కప్పపిల్లలా లోపలికి జారింది. ఫిల్ము ఊడి చేతికొచ్చింది. అతను వంగి ఉమ్మాడు, మళ్ళీ ఉమ్మాడు. బూడిదరంగు జిగట గడ్డం నుంచి తీగలా వేలాడింది. లోపలికి పోయింది మాత్రం బయటికి రాలేదు.

గబగబా అతికించి బొమ్మ వేశాడు. చిల్లులోంచి చూశాడు. లాంతరు వెలుగులో ఆ పిల్ల కళ్ళు, ముక్కు... ముక్కు కింద ఏమీ లేదు. బ్లేడుతో గీకినట్టు నున్నగా ఉంది. పాట మాత్రం వినిపిస్తోంది.

హాలంతా "అబ్బా..." అని నిట్టూర్చింది. ఒక్కరూ చూడలేదు. అందాన్ని చూడటానికి వచ్చినవాళ్ళు అందాన్నే చూశారు.

సాయంత్రం ఇంట్లో భార్య కంచం పెట్టింది. మొదటి ముద్దకే అదే రుచి. కక్కేశాడు. మంచినీళ్ళు తాగితే నీళ్ళదీ అదే రుచి.

"నా వంట మరీ అంత దిగజారిందా?" అని మొదట ఎగతాళి చేసింది. అతని మొహం చూసి ఆపేసింది. జరిగిందంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. "నోరు తెరవండి" అని టార్చి తెచ్చింది.

"నాలుక కింద ఏదో అతుక్కుందండీ... కదలకండి."

దారాలు తీసే చిన్న పట్టకారుతో అందుకుని లాగింది. వచ్చింది. వస్తూనే ఉంది... జానెడు, మూరెడు... గొంతులోంచి, ఇంకా కిందనుంచి, పేగు లాగుతున్నట్టు. సన్నటి పట్టీ. రెండు అంచులా వరసగా చిల్లులు, చిల్లు చిల్లుకీ చొంగ. చివరికి ఊడి కంచంలో పడింది.

ఆమె దాన్ని తుడిచి దీపానికి అడ్డంగా పట్టుకుంది. గోరంత గోరంత బొమ్మలు. ఆ సినిమావి కావు.

"ఇది... మన వంటగదేనండీ."

వంటగది. కుట్టుమిషన్. వడ్డిస్తున్న ఆమె. నిద్రపోతున్న ఆమె. ప్రతి బొమ్మకీ పైనా కిందా తెల్లటి గళ్ళు. అవేమిటో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. పళ్ళు. ఇవాళొక్కనాడే కాదు, ఎన్నాళ్ళుగానో, ఫిల్ము పెదవికి ఆనించిన ప్రతిసారీ అతని నోట్లో చేరి కూచుని, అతని పళ్ళ వెనకనుంచి ఎవరో ఆమెనే చూస్తున్నారు. చిట్టచివరి బొమ్మలో ఆమె టార్చి పట్టుకుని లోపలికి తొంగి చూస్తోంది.

"తిరగబడి కనిపిస్తోంది, ఏ వైపునుంచి చూడాలో..." అంటూ, చేతిసాయం చేసిన అలవాటు కొద్దీ, ఆమె ఆ కొసని పెదవికి ఆనించింది.

"వద్దే!"

అప్పటికే అంటుకుంది. ఒక్క క్షణం. తర్వాత తేలిగ్గా ఊడొచ్చింది. ఆమె పెదవులు తుడుచుకుని, పట్టీని పొయ్యిలో పడేసింది.

మర్నాటినుంచి అతని నోటికి రుచి తిరిగొచ్చింది. ఒళ్ళు తేలికపడింది. వారం రోజులు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. ఆమె తిన్నదో లేదో చూడలేదు. ఏమడిగినా మిషన్ ముందు కూచుని 'మ్మ్' అనేది. సూదులు పెట్టుకుందిలే అనుకున్నాడు. తల వంచుకుని కంచం పెట్టేది. కంచం చూశాడు గానీ మొహం చూడలేదు.

ఆదివారం వచ్చింది. మూడో రీలు ఈసారి తెగలేదు. లాంతరు పైకి లేచింది. ఆ పిల్లకి పెదవులు వచ్చాయి. నవ్వింది. హాలంతా "అబ్బా..." అంది.

ఆ పెదవుల మధ్య, ఎడమ మూలన, సన్నగా ఒకటి తళుక్కుమంది.

గుండుసూది.

తిరుగుతున్న మెషిన్ని అలాగే వదిలేసి వానలో పరిగెత్తాడు. తలుపు తీసే ఉంది. ఆమె అటు తిరిగి కుడుతోంది. వీపే కనిపిస్తోంది. పక్కన సూదుల దిండు. సూదులన్నీ దానికే గుచ్చి ఉన్నాయి, నోట్లో పెట్టుకోవడానికి ఒక్కటీ తీసినట్టు లేదు.

"ఏమే..."

"మ్మ్."

"ఇటు తిరుగు... ఒక్కసారి."

కుట్టుమిషన్ చక్రం ఆగింది.

అంతే. అంతవరకే నాకు తెలుసు. ఆమె తిరిగిందో లేదో నన్నడగకండి.

లేవండి, చీకటి పడకముందే ఇళ్ళకి నడవండి. కాళ్ళూ చేతులూ కడుక్కుని భోజనానికి కూచోండి. ఈ పూట మాత్రం, కంచం పెట్టేవాళ్ళెవరైనా సరే, కంచం వైపు చూసే ముందు వాళ్ళ మొహం వైపు చూడండి. 'నువ్వు తిన్నావా' అని అడగండి. మాటతోనే జవాబు చెప్పించుకోండి. ఉత్త 'మ్మ్' అంటే ఒప్పుకోకండి.