ఒంటిచేతి సూదిచెక్క

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కొడుకు పట్టించుకోలేదు. కళ్లార్పకుండా తల్లి ముందున్న చెక్కనే చూస్తున్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడ్డాక, దర్జీపని మానలేక ఆవిడ పట్టుబట్టి చేసుకున్న చిన్న చెక్క అది. దాని నోట్లో సూది నిలబెట్టి, ఎడమచేత్తో బుల్లి గరాటులోకి దారం వదిలితే చాలు, సూదిబెజ్జంలోంచి అవతలికి వచ్చేస్తుంది.

"లోకంలో ఇలాంటిది ఇంకెవరూ చేసుండరమ్మా! పేటెంట్ తీసుకుందాం. ఇంట్లోనే ఉందిగా లైబ్రేరియన్!" అన్నాడు భార్య వైపు తిరిగి.

కోడలి ఉద్యోగమే అది. కొత్తదనుకుని ఎవరేం తెచ్చినా, అంతకుముందు ఎక్కడైనా ఉందేమో పేటెంట్ల గ్రంథాలయంలో వెతికి చెప్పాలి. ఈసారి మాత్రం ఏమీ దొరక్కూడదని మొక్కుకుంటూ వెతికింది.

దొరికింది.

సాయంత్రం ఆ మాట చెప్పేసరికి ఇల్లు భగ్గుమంది.

"అంటే నేను చూసి కాపీ కొట్టానంటావా?" అంది అత్తగారు.

"అయ్యో, అలా ఎందుకంటాను అత్తయ్యా!"

"చూసీచూడనట్టు ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?" భర్త కసురుకున్నాడు.

"నేనూరుకుంటే ఉన్నది లేకుండా పోతుందా?" కోడలు అత్తగారి వైపు తిరిగింది. "ఒక్కసారి వచ్చి చూడండి అత్తయ్యా. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

మర్నాడు అత్తగారు కొడుకును వెంటబెట్టుకుని, మూతి ముడుచుకునే గ్రంథాలయానికి వచ్చింది. లోపల అడుగుపెట్టగానే నడక నెమ్మదించింది. నేల నుంచి కప్పుదాకా అరలు.

"ఇవన్నీ..."

"ఎవరో ఒకరు తలబద్దలు కొట్టుకుని కనిపెట్టినవే."

కోడలు ఆవిణ్ణి కూర్చోబెట్టి, పాత కాగితమొకటి బల్ల మీద పరిచింది. అదే చెక్క. అదే గరాటు. దారం పట్టుకున్న ఎడమచెయ్యి.

"కుడిచెయ్యి వెయ్యలేదేం?" అంది అత్తగారు.

"దీన్ని కనిపెట్టినామెకి కుడిచెయ్యి లేదు అత్తయ్యా. మీరు పుట్టకముందే, ఎక్కడో దూరదేశంలో బట్టలు కుట్టుకునే మనిషి. 'నాలాగా ఒక్క చెయ్యే మిగిలినవాళ్ల కోసం' అని రాసుకుంది."

అత్తగారు తన ఎడమచేతిని తీసుకెళ్లి ఆ బొమ్మచేతి పక్కన ఆనించింది. కళ్లు నిండిపోయాయి.

"ఇద్దరికీ ఒకటే తట్టిందా! నాకొక్కదానికే ఈ రాత అనుకున్నానే తల్లీ. ఊరికే నిన్ను మాటలన్నాను."

వెనక నిలబడ్డ కొడుకు తలొంచుకున్నాడు. "నేనూ అన్నాను" అన్నాడు మెల్లగా.

"దీని పేటెంట్ గడువెప్పుడో తీరిపోయింది అత్తయ్యా. ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు."

"అయితే చేద్దాం. చెయ్యి పడిపోయినవాళ్లందరికీ ఇద్దాం."

ఇంటికి వెళ్దామా అని కొడుకు చెయ్యి అందించాడు. ఆవిడ లేవలేదు.

"ఉండరా," అంది బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే, "ఆమె దగ్గర ఇంకాసేపు కూర్చోనీ."