చాందినికి పర్మిట్

"గుర్రానికి కోపం వస్తుందా?" అని అడిగాడు ఫయాజ్.

"దాని సంగతేమో గానీ, నాకు మాత్రం వస్తాది," అంది ఇర్ఫానా.

మార్కాపురంలో మున్సిపల్ పార్కు గేటు బయట తెల్లగుర్రం పగ్గం పట్టుకుని నిలబడి ఉందామె. గుర్రం పేరు చాందిని. దాన్ని పెళ్లి ఊరేగింపులకు బాడుగకు తిప్పేది ఆమె తండ్రి అబ్బాస్ అలీ. మోకాళ్ల నొప్పులతో ఆయన మంచం పట్టాక పని ఇర్ఫానా మీద పడింది. పెళ్లిళ్లు లేని నెలల్లో దాణా మాటేమిటి? సాయంత్రాలు పార్కులో పిల్లల్ని ఎక్కించి తిప్పుదామనుకుంది.

అలా తిప్పాలంటే పర్మిట్ కావాలన్నారు మున్సిపల్ ఆఫీసులో. పర్మిట్ కావాలంటే గుర్రం ఆరోగ్యంగా ఉందని పశువుల డాక్టరు రాసివ్వాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. డాక్టరు సంతకం దొరికింది. ఇన్సూరెన్స్ కోసం ఎవరో కంభం ఊళ్లో ఉండే ఈ కుర్ర ఏజెంటు ఫయాజ్ నంబరు ఇచ్చారు. ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు, నోటినిండా ప్రశ్నలు.

"వయసెంత?"

"నాదా, గుర్రానిదా?"

"గుర్రానిదే మేడమ్," అన్నాడు ఫయాజ్ తడబడుతూ. "కరుస్తుందా?"

"ప్రశ్నలు ఎక్కువైతే కరుస్తాది."

ఫయాజ్ గబుక్కున వెనక్కి జరిగాడు. ఇర్ఫానా నవ్వాపుకోలేకపోయింది.

"నవ్వొద్దు మేడమ్. బైకులకు, లారీలకు చేసినా గానీ గుర్రానికి ఇదే మొదలు. దాని మనసులో ఏముందో ఎట్ల తెలుస్తాది?"

"చెవులు చూడండి సార్. ముందుకు పెడితే ఇష్టంగా చూస్తాందని. వెనక్కి అణిస్తే దూరంగా పొమ్మని."

"మరి ఇప్పుడు ఒక చెవి మీ దిక్కు, ఒక చెవి నా దిక్కు పెట్టింది. అదేంది?"

"మనిద్దరి మాటలూ వింటాంది."

ఫయాజ్ రాసుకోవడం మర్చిపోయి చాలాసేపు ఆ చెవులనే చూశాడు.

మర్నాడు గిట్టల గురించి అనుమానం వచ్చిందని మళ్లీ వచ్చాడు. తర్వాత దాణా గురించి. ఇంకోసారి, గుర్రం నిలబడే ఎట్లా నిద్రపోతుందో తెలుసుకోవాలని వచ్చాడు.

"ఇది కూడా కంపెనీ వాళ్లే అడిగినారా?" అంది ఇర్ఫానా.

"లేదు. నాకే తెలుసుకోవాలని."

"ఫోన్‌లో అడగొచ్చు గదా. కంభం నుంచి బస్సెక్కి రావాల్నా?"

"ఫోన్‌లో కనపడదు గదా."

"ఏంది, గుర్రమా?"

ఫయాజ్ జవాబు చెప్పేలోపే వాన మొదలైంది. ముగ్గురూ, గుర్రంతో సహా, టీ దుకాణం రేకుల కిందకు పరిగెత్తారు. వేడి టీ చేతిలోకి వచ్చాక ఇర్ఫానా మాటల్లో పడింది.

"టపాకాయలంటే దీనికి చచ్చేంత భయం. పోయినేడు పొదిలిలో ఒక పెండ్లికి పోయినాం. దీని కాళ్ల కాడనే టపాకాయల సరం ముట్టిచ్చినారు. బెదిరి పక్కకు దూకింది. పెండ్లికొడుకు కింద పడినాడు. చెయ్యి విరగలేదు గానీ బాగా బెణికింది. మా అబ్బాకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు నేను."

ఫయాజ్ టీ గ్లాసు కింద పెట్టి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. వాన తగ్గగానే కంభం బస్సెక్కాడు.

కొన్నాళ్లకు అతనే ఫోన్ చేశాడు. "ఇర్ఫానా గారూ, కంపెనీ వాళ్లు కాదన్నారు. ఫారంలో ఇదివరకు ఏమన్నా ప్రమాదం జరిగిందా అని అడిగిన కాడ, పొదిలి సంగతి రాసినా."

ఇర్ఫానా గొంతు పెంచింది. "మీరు మనిషని నమ్మి చెప్పినా. కంపెనీకని కాదు."

"దాచిపెడితే రేపు ఏ పిల్లోడో పడినప్పుడు వాళ్లు పైసా ఇయ్యరు. ఖర్చంతా మీ అబ్బా మీద పడ్తాది. చాందినిని అమ్ముకోవాల్సొస్తాది."

"నిజమే కావచ్చు. రాసేముందు నన్నొక్క మాట అడగొచ్చు గదా! ఊర్లో లేని ప్రశ్నలన్నీ అడిగినారే!"

"అడగాల్సింది," అన్నాడు ఫయాజ్. ఇర్ఫానా ఫోన్ పెట్టేసింది.

జరిగినదంతా విని అబ్బాస్ అలీ మంచం మీద లేచి కూర్చున్నాడు. "రాసింది తప్పు కాదు బిడ్డా. ఆ పెండ్లికొడుకు పడిన కాడి నుంచి నాకూ గుండెల్లో అదే దడ. అడక్కపోవడం మాత్రం తప్పే. చూద్దాం, తప్పు తెలిసినోడు ఏం చేస్తాడో."

ఫయాజ్ వారం రోజులు కనిపించలేదు. ఇర్ఫానా రెండు చెవులూ గేటు వైపే పెట్టుకుని ఉందని చాందినికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం అతను వచ్చాడు. వెంట కంపెనీ ఆఫీసరు, పొదిలి పెళ్లికొడుకు కోటి, కోటి భార్య రమ్య.

"గుర్రం తప్పేం లేదు సార్," అన్నాడు కోటి. "మా బామ్మర్దులు సరం తెచ్చి దాని కాళ్ల కింద పెట్టినారు. నేనైనా ఎగిరి దూకుతా."

"ఈయన దూకలేదు సార్, పడినాడు," అని రమ్య సరిదిద్దింది. ఆఫీసరు కూడా నవ్వాడు.

ఆయన చాందిని చుట్టూ తిరిగి చూశాడు. పగ్గం ఎప్పుడూ చేతిలోనే ఉండాలి, ఒకసారికి ఒక్క పిల్లే ఎక్కాలి, తలకు హెల్మెట్ ఉండాలి, దగ్గర్లో టపాకాయలు కాలిస్తే ఆ పూటకు ఆపేయాలి అన్నాడు. ఇర్ఫానా అన్నిటికీ తలూపింది. ఇన్సూరెన్స్ వచ్చింది. దాని వెనకే పర్మిట్టూ వచ్చింది.

మొదటిరోజు పిల్లలందరూ ఇళ్లకు వెళ్లాక, గేటు దగ్గర ఫయాజ్ ఒక్కడే మిగిలాడు.

"పొదిలికి పోయి ఆయన్నెట్ల పట్టుకున్నారు?" అని అడిగింది ఇర్ఫానా.

"పెండ్లిలో గుర్రం మీంచి పడిన పెండ్లికొడుకు ఎవరని అడిగితే, ఊరంతా చూపించినారు."

"ఇంత తిరుగుడు కమీషన్ కోసమేనా?"

"ఆ కమీషన్ బస్సుచార్జీలకే చాల్లేదు."

"మరి?"

అతను చొక్కా చేతులు మడుచుకున్నాడు. విప్పాడు. మళ్లీ మడుచుకున్నాడు.

"ఇర్ఫానా, ఈసారి ముందే అడుగుతాండా. మా అమ్మను మీ ఇంటికి పంపించేదా? నువ్వు వద్దంటే పంపను."

'గారు' పోయింది, 'మీరు' పోయింది. అది గమనించినట్టు కనపడకుండా ఆమె చాందిని జూలు దువ్వింది.

"ఆదివారం రమ్మను. ఆ పొద్దు చాందినికి పెండ్లి బేరాలేం లేవు."

"మీ అబ్బా ఏమంటాడో?"

"ఏమంటాడు? రోజూ ఇంటికి పోతానే నన్ను అడుగుతాండాడు, ఆ పిల్లోడు నోరు తెరిచినాడా లేదా అని."