పన్నెండు గంటల మాత్ర

మాత్రల అట్ట చింపడం ఏ ఇంట్లోనూ తేలిగ్గా జరగదు. గోరు విరుగుతుంది, కత్తెర కనబడదు, తీరా మాత్ర ఎగిరి మంచం కిందికి పోతుంది. అట్ట దాటాక మాత్రను ఎవరేం చేస్తారన్నది ఇంకో బాధ.

ఆ బాధతోనే ఒక కోడలు డిటెక్టివ్ గదికి వచ్చింది. బీపీ మాత్ర వేసుకున్న అరగంటకే మామగారు కుప్పకూలి, మూడు రోజులుగా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు. కోడలే రెండు మాత్రలిచ్చి చంపబోయిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. సాయంత్రం పోలీసు కేసు పెడతారట.

"ఒక్కటే ఇచ్చాను మేడం. చేతిలో పెట్టి ఆఫీసుకెళ్ళిపోయాను."

డిటెక్టివుని అందరూ భూతద్దం అంటారు. ఆవిడ దగ్గర కళ్ళజోడు తప్ప ఏ అద్దమూ లేదు. అసిస్టెంటు రిటైరైన గుమాస్తా. ఆవిడ తుమ్మినా నోట్ చేసుకుంటాడు.

ఆ ఇంట్లో అట్ట చూస్తే మాత్రల లెక్క సరిపోయింది. అత్తగారు ఏడుస్తూనే పెద్దకొడుకుని మెచ్చుకుంది: జన్మలో గ్లాసు ముట్టనివాడు, ఆ రోజు తండ్రి పక్కనే కూర్చుని గ్లాసూ చెంచా తనే కడిగాడట. పెద్దకొడుకు మాత్రం ఆ మందు వట్టి నత్తనడక అనీ, పొద్దున మింగితే సాయంత్రానిక్కానీ పనిచేయదనీ విసుక్కున్నాడు. అతని బల్ల మీద ఇత్తడి పేపర్‌వెయిట్ ఉంది. దాని అడుగు గాడిలోని తెల్లపొడిని భూతద్దం పొట్లం కట్టింది.

పొట్లాన్నీ, అట్టలోని ఒక మాత్రనీ మందుల ల్యాబుకి తీసుకెళ్ళి, లోపలి పొరలు చూపించే ఎక్స్‌రే స్కానరులో ఫొటోలు తీయించింది. సాయంత్రం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది.

"ఇది అట్టలో మాత్ర. చుట్టూ పొర చూడండి, ఎక్కడా చీలిక లేదు. ఇందులోంచి మందు పన్నెండు గంటలపాటు కొంచెం కొంచెంగా ఊరాలి. ఇది మీ పేపర్‌వెయిట్ కింది పొడి. అదే పొర, ముక్కలుముక్కలు. ఎందుకు నూరారు?"

"త్వరగా పనిచేస్తుందని," అన్నాడు పెద్దకొడుకు.

"చేసింది. పన్నెండు గంటల మందు ఒక్కసారే దిగింది. ఆయన కూలగానే అది అర్థమై గ్లాసు కడిగేశారు."

కోడలు లేచింది. "తెలిసీ, మూడు రోజులు నన్ను తిడుతుంటే చూస్తూ కూర్చున్నారా బావగారూ?"

"నన్నెవరూ అడగలేదు కదమ్మా."

ఆమె కొట్టలేదు. తన మీద రాసిపెట్టిన ఫిర్యాదు అతని చేతికే ఇచ్చి, పేరు మార్చి సంతకం పెట్టమంది. అసిస్టెంటు పెన్ను అందించాడు.

ఇక నా గోడు. ఈ కథ చదివి వినిపిస్తుండగానే మా బావమరిది మా నాన్న మాత్రని రోట్లో వేశాడు. నూరకూడదని అట్ట మీదే రాసుందంటే, అదంతా కంపెనీవాళ్ళ ఎత్తు అన్నాడు. రోకలి ఒక కొస నేను పట్టుకునున్నాను, రెండో కొస అతను లాగుతున్నాడు. నా చేతులు నొప్పెడుతున్నాయి. ఏం చేయమంటారో కాస్త త్వరగా చెప్పండి, బాబ్బాబు.