ఒకే తీగకు అన్ని వలయాలు

చివరి ఇంటి ఫేజు తీగ చుట్టూ వలయం తొడిగి, దాని నోరు టక్కుమని మూసుకునే దాకా నొక్కింది నూకరత్నం. మీటర్ల గది ఉక్కగా ఉంది. చెవిలోని బిళ్ళ నుంచి గృహమతి, ఇళ్ళన్నిటినీ కనిపెట్టుకుని ఉండే యంత్రం, పలికింది.

"నాడి అందింది. పరిచయానికి పైకి వెళ్ళండి."

గాజువాక పాత క్వార్టర్లలో గృహమతికి ఇంకా నాడి అందని భవనం అదొక్కటే. ఈ సాయంత్రంతో అదీ అందుతుంది. రత్నం పనిసంచీ భుజాన వేసుకుని మెట్లెక్కింది.

పరిచయమంటే పెద్ద పనేమీ కాదు. ఇంట్లో ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా వేసి ఆపాలి. కింద వలయం ఆ కరెంటు ఒడుదుడుకులను చదివి ఏది ఫ్రిజ్జో, ఏది మోటారో నేర్చుకుంటుంది. ఆ తర్వాత మనుషులను నేర్చుకుంటుంది. ఫ్యాను ఎంతలో పెట్టుకుంటారు, మిక్సీని ఎలా ఆపి ఆపి తిప్పుతారు, ఇస్త్రీపెట్టెను ఎంతసేపు కాగనిస్తారు - ప్రతి మనిషికీ ఒక వాడుకతీరు ఉంటుంది. గృహమతి దాన్ని ఒకసారి పట్టిందంటే ఆ మనిషి ఏ ఊళ్ళో ఉన్నా పోల్చుకుంటుంది, మూలగృహానికి, అంటే ఆ మనిషి పేరు నమోదైన ఇంటికి, కబురు పెడుతుంది. రత్నం తల్లి స్నానాలగదిలో జారిపడ్డ రోజున ఆమె ప్రాణం నిలిపింది ఆ కబురే. అందుకే ఈ పనంటే రత్నానికి గౌరవం.

తలుపు తీసింది అప్పలనరసమ్మ. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుందని గృహమతిని నడిపే మండలి వివరాల్లో ఉంది. ఫ్యాను, ఫ్రిజ్జు, మిక్సీ పరిచయమయ్యాయి. గది మూలన దుప్పటి కప్పిన మోటారు కుట్టుమిషను కనబడింది.

"అది కూడా వెయ్యాల మామ్మగోరూ."

"అది పాడయిపోనాది."

దుప్పటి తొలిగిన చోట సూది కింద సగం కుట్టిన జాకెట్టు కనబడుతోంది. రత్నం ఏదో అనబోతుంటే ముసలామె పెదాల మీద వేలుంచి, ఆమె చెవి వైపు చూపించింది. రత్నం బిళ్ళ తీసి జేబులో వేసుకుంది.

వంటగదిలోంచి ఒక యువతి వచ్చింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఇస్త్రీపెట్టె అంచు ఆకారంలో కాలిన మచ్చ.

"నా పేరు రోజామణి," అంది. "ఈ మామ్మకి నాను ఏమీ కాను. తలుపు కొడితే తీసింది, అంతే. ఈ మిషను నాను తొక్కితే గృహమతి నన్ను పోల్చేత్తాది. మా ఇంట్లో రెండేళ్ళు నేర్చుకుంది నన్ను. ఇంతకుముందు అక్కయ్యపాలెంలో దాక్కుంటే ఒక్క పూటలో మా ఆయన గుమ్మంలో ఉన్నాడు."

"పోలీసులకి సెప్పలేదా?"

"సెప్పేను. మూలగృహానికి కబురెళ్ళడం రూలు, మేమేటి సెయ్యలేమన్నారు."

రత్నం ఆ మచ్చను మళ్ళీ చూసింది. అమ్మను కాపాడిన కబురూ, ఈ మనిషిని పట్టిచ్చిన కబురూ ఒకటే. ఆ మాట ఆమె ఇన్నాళ్ళూ ఎప్పుడూ అనుకోలేదు.

"సాయంత్రం దాకా ఆపగలను," అంది మెల్లిగా. "ఈలోపు ఎక్కడికైనా ఎల్లిపో అమ్మా."

రోజామణి దుప్పటి లాగి పక్కన పడేసింది. మిషను ముందు కూర్చుంది.

"ఎల్లను. ఎన్ని ఊళ్ళు తిరగాల? నాను తప్పు సేసిందాన్నేటి? ఇక్కడే కుట్టుకుంటాను. నీ పని నువ్వు సెయ్యి."

కాలు మాత్రం పెడలు మీద పెట్టలేదు.

రత్నం అప్పలనరసమ్మ వైపు తిరిగింది.

"మామ్మగోరూ, ఒక్క మీ వలయం తీసేత్తే గంటలో కొత్త మనిషిని పంపుతారు. ఈ మేడలో అందరి వలయాలూ ఒకే తీగకి పెట్టేత్తే ఎవులు ఏ ఇంట్లో ఉన్నారో దానికి తెలీదు. కానీ అందరూ ఒప్పుకోవాల, మళ్ళీ మార్చడానికి ఎవులొచ్చినా రానియ్యకూడదు. ఒంట్లో బాగోకపోతే అది కబురు పెట్టదు మరి. మీకు మీరే సూసుకోవాల."

"ఇన్నాళ్ళూ ఎవులు సూసుకున్నారు?" అంటూ ముసలామె మెట్ల దగ్గరికి వెళ్ళి గొంతెత్తింది. "ఓలమ్మా! అందరూ బైటికి రండి!"

తలుపులు తెరుచుకున్నాయి. రోజామణి సంగతి ఆ మెట్ల మీద తెలియనివాళ్ళెవరూ లేరు. ఇన్నాళ్ళూ ఎవరూ పెదవి విప్పలేదు. రత్నం చెప్పింది విని ఒక్కొక్కరే సరేనన్నారు. కింది ఇంటి గుండెజబ్బు పెద్దాయన మాత్రం పక్కింటివాళ్ళ వైపు తిరిగాడు. "రేత్రి గోడ మీద కొడితే వత్తారా?" అని అడిగాడు. వస్తామన్నారు. "అయితే నాదీ మార్చెయ్యమ్మా," అన్నాడు.

వలయాలు మార్చడానికి కరెంటు తీయనక్కర్లేదు. రత్నం మీటర్ల గదికి దిగి, ఒక్కొక్కదాని నోరు విప్పి, భవనానికంతటికీ కరెంటు తెచ్చే లావుపాటి తీగకు వరసగా తొడిగింది. బిళ్ళ మళ్ళీ చెవిలో పెట్టుకుంది.

"ఇళ్ళన్నీ ఒకే నాడి చూపుతున్నాయి," అంది గృహమతి. "పొరపాటు జరిగింది. సరిచేయండి."

"పొరపాటు కాదు. నేనే మార్చాను."

"నివాసులను విడదీయలేకపోతున్నాను. ఎవరు ఎక్కడ ఉన్నారు?"

"అందరూ ఇక్కడే ఉన్నారు."

"సరిచేయకపోతే మీ పనిహక్కు రద్దవుతుంది."

"రాసుకో. పేరు నూకరత్నం. తప్పు రాయకు."

పైనుంచి కుట్టుమిషను చప్పుడు మొదలైంది. మొదట తడబడుతూ, తర్వాత ఆగకుండా. గృహమతి అదే నాడిని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నట్టుంది.

రత్నం సంచీ సర్దుకుంటుండగా బిళ్ళలో, పనివాళ్ళందరినీ కలిపే లైనులో, మరో గొంతు వినబడింది. పెదగంట్యాడలో వలయాలు బిగించే సన్యాసిరావు.

"రత్నం, నీ మాటలు లైనంతా వినబడ్డాయి. ఇక్కడ కూడా ఒకమ్మాయి మిక్సీ వెయ్యమంటే ఏడుత్తంది. అదెలా సేసేవో సెప్పు."

గృహమతి వింటోందని ఇద్దరికీ తెలుసు. రత్నం సంచీ కింద పెట్టి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా మొదటినుంచీ చెప్పసాగింది.